గవరయ్య అద్దెకిచ్చిన సముద్రం

కలకత్తా మొత్తమ్మీద మా గవరయ్య మావ వెళ్ళినన్నిసార్లు సముద్రపు రిసార్టుకి వెళ్ళిన మనిషి ఇంకొకడు లేడు. కావాలంటే పందెం కాయండి, నా రీఛార్జి కొట్టు పణంగా పెడతాను. పార్క్ స్ట్రీట్‌లో కార్లు దిగే షావుకార్లు కూడా ఏడాదికి ఒకసారో రెండుసార్లో వెళ్తారు. మావ పూజా సెలవులకి వెళ్తాడు, క్రిస్మస్‌కి వెళ్తాడు, పిల్లల పరీక్షలవగానే వెళ్తాడు, వానల్లో కూడా వెళ్తాడు. అక్కడి పీతలు ఆయన్ని గుర్తుపట్టి కన్నాల్లోంచి బయటికొచ్చి దణ్ణం పెడతాయి. ఇన్నిసార్లు వెళ్ళినవాడు అక్కడ ఒక్కసారి కూడా మంచమ్మీద పడుకోలేదంటే మాత్రం మీరు నమ్మరు. నేను చెప్పేవాటిలో జనం నమ్మనిది అదొక్కటే. ఖచ్చితంగా నిజమైనదీ అదొక్కటే.

మావది ఖిద్దిర్‌పూర్ ఓడల డాకులో ఖలాసీ పని. క్రేను కిందకి దిగినప్పుడు మూటలకి కొక్కేలు తగిలించడం, చెయ్యి ఊపడం, పక్కకి తప్పుకోవడం. వాళ్ళ నాన్న సోంపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ఇదే పని చేశాడు. భార్య అమ్మన్నమ్మ అత్త కార్పొరేషన్‌లో రోడ్లు ఊడుస్తుంది. ఒక్కతే కూతురు, వసుధ. రక్తపరీక్షల సెంటరులో బిల్లులు కొడుతుంది. వీళ్ళు, నేను, మరికొన్ని శ్రీకాకుళం కుటుంబాలు ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే లైన్లో ఉంటాం. లైను మొదట్లో ఉన్న కొట్టు నాది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడి నన్ను భరించలేక చేతులెత్తేసింది. లేకపోతే ఈ పాటికి ఆ రిసార్టు కంపెనీకి నేనే చైర్మన్‌ని.

ఆ కంపెనీ పేరు చెప్పను. పేరు వింటే మావ ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాడు.

వసుధ ఒక మాల్‌లో సరదాకి చీటీ నింపి డబ్బాలో వేసింది, తండ్రి పేరు మీద. ఆ వారమే ఫోనొచ్చింది. "మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి పట్టుకెళ్ళండి" అని. సాల్ట్ లేక్‌లో పెద్ద హోటలు. మావ పెళ్ళికి కుట్టించుకున్న తెల్లచొక్కా వేశాడు, అత్త కొప్పులో పూలు పెట్టుకుంది. ఏసీ గదిలో బల్లల చుట్టూ జంటలు. ఒక్కో బల్లకి ఒక్కో అమ్మాయి. వీళ్ళ బల్ల దగ్గర కూర్చున్న బెంగాలీ పిల్ల మావని బాబాయ్ అన్నట్టు "కాకూ, కాకూ" అంటూ సముద్రం ఫోటోలు చూపించింది.

"ఈ సముద్రం మాకు ఊళ్ళో ఊరికే ఉన్నాది గదా అమ్మా" అంది అత్త హిందీలో.

ఆ పిల్ల నవ్వి ఇంకో ఫోటో చూపించింది. మావ మేమేమీ కొనం, వద్దన్నాడు. ఆ పిల్ల నవ్వింది. మావ మళ్ళీ వద్దన్నాడు. అంతలో భోజనం వచ్చింది. బాసంతి పులావు, చేప వేపుడు, మిష్టి దోయి అనే తీపి పెరుగు. ఇద్దరూ కడుపునిండా తిన్నారు. అక్కడే పడింది దెబ్బ.

మా వాళ్ళలో పిలిచి భోజనం పెడితే చదివింపు చెయ్యకుండా ఎవడూ గడప దాటడు. చేతి తడి ఆరకముందే, గుమ్మం దగ్గర బల్ల వేసుక్కూర్చున్న పెద్దమనిషికి ఎంతోకొంత ఇవ్వాలి. ఆయన మైకులో పేరు చదవాలి. ఆ గది గుమ్మం దగ్గర కూడా ఒక టై కట్టుకున్న మనిషి బల్ల వేసుక్కూర్చున్నాడు.

"కూడు తినీసినాం. ఉత్త సేతుల్తో ఎలాగెల్తాం?" అన్నాడు మావ.

"ఐదొందలు సదివించీ, ఎలిపోదాం" అంది అత్త.

మావ తనంతట తాను ఆ టై మనిషి దగ్గరికి వెళ్ళి ఐదొందల నోటు తీశాడు. కంపెనీ చరిత్రలో వాళ్ళ చేతికి అలా నడిచొచ్చి చిక్కిన చేప ఇంకొకటి ఉండదు. "నోటెందుకు కాకూ, కార్డుంది కదా" అని వాడు జీతం కార్డు గీకాడు, నాలుగు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. వెంటనే గంట మోగింది. మైకులో "శ్రీ గవరయ్య రావ్!" అని చదివారు. గదంతా చప్పట్లు. మావ అటూ ఇటూ తిరిగి అందరికీ నమస్కారం పెట్టాడు. ఇంతమంది జనంలో తన చదివింపు మైకులో వినబడటం ఆయనకి అదే మొదటిసారి. ఖిద్దిర్‌పూర్‌లో బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా ఆ గొప్పే చెప్పుకున్నాడట. బహుమతిగా ఇచ్చిన గోడగడియారం ఇంటికొచ్చేసరికే ఆగిపోయింది.

ఆయన చదివించింది పాతికేళ్ళ సభ్యత్వం. నెలనెలా జీతంలో కోత పడటం మొదలయ్యాక కాగితాలు పట్టుకుని నా కొట్టుకి వచ్చాడు. వద్దనుకుంటే చెప్పే గడువు అప్పటికే దాటిపోయింది.

"సూడరా పండూ, ఇదేటో."

చదివి చెప్పాను. ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లతో వాళ్ళ రిసార్టుల్లో గది తీసుకోవచ్చు. వాడుకోకపోతే పాయింట్లు మురిగిపోతాయి. వాడుకున్నా వాడుకోకపోయినా ఏటా గది నిర్వహణ ఖర్చని కట్టాలి, అది ఏటా పెరుగుతుంది. కట్టకపోతే వడ్డీ.

"ఒగ్గీడానికి ఎంతవుద్దో అడుగు."

"ఒగ్గీడం లేదు మావా. తలుపు లోపలికే తెరుచుకుంటుంది."

 మావ బయట కొళాయి దగ్గర బిందెల గోల వింటూ కూర్చున్నాడు. అప్పుడు నా బుర్ర పనిచేసింది. నా బుర్ర పనిచేస్తే ఆ వేడికి కొట్లో ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. పాయింట్లు మురగడం ఎందుకు, అద్దెకిద్దాం అన్నాను. రిసార్టువాడు బయటివాళ్ళకి చెప్పే గది ధర ఆకాశంలో ఉంటుంది. మన పాయింట్లమీద అదే గదిని అందులో సగానికిస్తే జనం ఎగబడతారు. వాళ్ళకి డబ్బు మిగులుతుంది, మనకి ఆ ఏడాది నిర్వహణ ఖర్చు గట్టెక్కుతుంది. ప్రయాణాల పిచ్చోళ్ళు ఉండే ఫేస్‌బుక్ గుంపులో పెట్టాను. సాయంత్రానికే బెహాలా నుంచి దత్తబాబు ఫోన్ చేశాడు. బ్యాంకు ఉద్యోగి. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు.

ఒక్కటే చిక్కు. పాయింట్లు డబ్బుకి అద్దెకివ్వకూడదని కంపెనీ నిబంధన. బంధువుల్ని తీసుకెళ్ళొచ్చు. దీఘా వైపున్న ఆ సముద్రపు రిసార్టులో అయితే మెంబరు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, గది ఖాళీ చేసేదాకా కూడా ఉండాలి.

"అయితే నేనూ ఎల్లాలా?"

"నువ్వు వాళ్ళకి మావవి. ఉచితంగా సముద్రం చూసినట్టుంటుంది కదా."

అలా మొదలైంది. దత్తబాబు కుటుంబానికి మావ మావ అయ్యాడు. గదిలో మంచాలు వాళ్ళవి. ముందు హాల్లో సోఫా ఉంటుంది, పిల్లలు కూర్చుని ఆడుకునేంత పొడవు. మావ కాళ్ళు మోకాళ్ళ దగ్గర నుంచి బయటే. దత్తబాబు అత్తగారికి గురక పడదు, అందుకని మావ సగం నిద్ర కూర్చునే పోయేవాడు. పొద్దున్న పలహారం అద్దెకున్నవాళ్ళ లెక్కకే సరిపోతుంది కాబట్టి సంచిలో తెచ్చుకున్న ముర్రీలు, అవే మరమరాలు, బాల్కనీలో నిలబడి తినేవాడు. ఎప్పుడు ఏ కాగితానికి సంతకం కావాలో తెలియదు కాబట్టి గేటు దాటకూడదు. వాళ్ళు ఇసకలోకి వెళ్తే ఈయన చెప్పులకి కాపలా. ఫోటోలు తీసేది కూడా ఈయనే, అందువల్ల ఏ ఫోటోలోనూ ఉండడు. కౌంటరు దగ్గర అబ్బాయిలకి మాత్రం ఆయనంటే ఎంత గౌరవమో! "రావ్ సాహెబ్‌కి బంధువులంటే ప్రాణం, ఈసారి ఇంకో కుటుంబాన్ని తీసుకొచ్చారు" అనుకునేవాళ్ళు. బెంగాలీ, మార్వాడీ, బీహారీ, ఒకసారి చైనీయులు కూడా ఆయనకి మేనల్లుళ్ళే. లోకంలో ఇంత పెద్ద చుట్టరికం ఉన్నవాడు ఇంకొకడు లేడు.

తిరిగొచ్చి లైన్లోకి అడుగుపెడితే ఇంకో బాధ.

"ఏటి గవరయ్యా, మల్లీ సముద్రానికేనా? రాజాబావు!"

నిజం చెబితే మాట కంపెనీ చెవిన పడుతుందని భయం. అంతకన్నా, పరాయివాళ్ళ చెప్పులకి కాపలా కాస్తున్నానని డాకులో మనిషి ఎలా చెప్పుకుంటాడు? ఊరికే నవ్వేవాడు. ఆ నవ్వుకి అర్థాలు నేను చెప్పేవాణ్ణి. అక్కడి ఈతకొలనులో ఓడని వెనక్కి తిప్పొచ్చని, పడక మీద పడుకుంటే మధ్యకి చేరడానికి రిక్షా కావాలని, మావ ఈల వేస్తే కెరటం ఆగి ఏం కావాలని అడుగుతుందని. కథకి ఆ మాత్రం తాలింపు లేకపోతే ఎవరు వింటారు?

అత్త మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఒక్క విడత అద్దె పోయినా ఆ ఏడాది ఖర్చు గట్టెక్కదు.

పోయినేడు మావ మోకాళ్ళు మొండికేశాయి. సాల్ట్ లేక్‌లో కంపెనీ ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాం. అక్కడ పద్ధతైన మనిషి, కళ్ళద్దాల ఆవిడ, టీ ఇప్పించింది. మావ ఆ టీ ముట్టుకోలేదు. వాళ్ళ దగ్గర ఏదైనా తినాలన్నా తాగాలన్నా ఆయనకిప్పుడు వణుకు.

"వెనక్కి తీసుకోవడం లేదు కాకూ" అందావిడ. "పిల్లలెవరైనా, అల్లుడైనా, తమ పేరు మీదకి మార్చుకుంటే మీరు ఆ రోజే బయటపడతారు. ఫోన్లోనే అయిపోతుంది. తీసుకున్నవాళ్ళకి మళ్ళీ కొత్తగా పాతికేళ్ళు మొదలవుతాయి."

"ఎవలూ తీసుకోకపోతే?"

"గడువు తీరేదాకా మీదే. మీరు లేకపోతే అక్కడితో సరి. ఎవరిమీదా పడదు."

బస్సులో వస్తూ మావ కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "ఒక్కటే తలుపున్నాది పండూ. అది నా కూతురింట్లోకి తెరుచుకుంటాది."

వసుధ పెళ్ళి కుదిరింది కూడా అప్పుడే. పిల్లాడు మధుబాబు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగువాడు, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆఫీసులకెళ్ళే బస్సులో పరిచయమై వాళ్ళిద్దరూ అనుకున్న పెళ్ళి. ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దని వాళ్ళే చెప్పేశారు. మంచివాడు, మర్యాదస్తుడు. నేను చెప్పిన రిసార్టు కథలన్నీ నోరు తెరుచుకుని వినేవాడు. అంతకంటే మంచితనం ఏం కావాలి?

మా పేటవాళ్ళ పాడా క్లబ్బు హాల్లో పెళ్ళయింది. తాళి కట్టాక మా వాళ్ళలో అలకపాన్పు ఉంటుంది. మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి, పెళ్ళికొడుకుని కూర్చోబెడతారు. మావగారు ఏదో ఒకటి ఇచ్చేదాకా వాడు మూతి ముడుచుకుని లేవకూడదు. జనం చుట్టూ చేరి వాడి తరఫున కొందరు, వీళ్ళ తరఫున కొందరు వేళాకోళాలాడుతారు. అందరి ముందూ అడిగినదాన్ని కాదనడం ఎప్పుడూ లేదు. ముందుగానే వసుధని అడిగి మావ ఒక వాచీ కొనుంచాడు.

పెట్టె తెరిచి వాచీ చూపించాడు. మధుబాబు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"అలిగీసినాడు! అలిగీసినాడు!" అని ఆడవాళ్ళు చప్పట్లు.

"ఇంకేటి కావాల బావూ?" అన్నాడు మావ, ఆటలాగే.

మధుబాబు నవ్వు ఆపుకుంటూ అన్నాడు, "మావయ్యా, నాకు వాచీ వద్దండి. మీ రిసార్టు మెంబర్‌షిప్పు మా ఇద్దరి పేర రాయండి, చాలు. మెయింటెనెన్సు ఏదో ఉంటుందటగా, అది నేను చూసుకుంటాను. నేను సైటు చూశాను, రెండు నిమిషాల పని. మీ ఫోనుకి నంబరొస్తుంది, అది చెప్పండి."

తన లెక్కలో వాడు మావగారికి ఖర్చు లేని కోరిక కోరాడు. హాలంతా ఈలలు. వాడు అప్పటికే ఫోను నొక్కేశాడు. మావ జేబులో ఫోను టింగుమంది.

మావ ఫోను తీశాడు. నేను పక్కనే ఉన్నాను, తెరమీద అంకెలు నాకూ కనబడుతున్నాయి. ఆ అంకెలు పైకి చదివితే మోకాళ్ళ నొప్పి, సోఫా, ముర్రీలు, చెప్పుల కాపలా అన్నీ అక్కడికక్కడే తెగిపోతాయి. అడిగింది వాడు. సాక్షులు లైనంతా. ఎవరూ రేపు మాట అనలేరు. మావ పెదవులు కదిలాయి. మంచం పక్కన వసుధ పసుపు బట్టల్లో నిలబడి నాన్న వైపు చూసి నవ్వుతోంది, మా నాన్న ఇచ్చేస్తాడు చూడండి అన్నట్టు.

మావ ఫోను జేబులో పెట్టేశాడు.

"అది తప్ప ఇంకేదైనా అడుగు బావూ."

ఈలలు ఆగిపోయాయి. ఆటలో ఇది లేదు. మధుబాబు ముఖం ఎర్రబడింది. వాడి మేనత్త జ్ఞానప్రసూన గారు, నోరుగల మనిషి, అందుకుంది.

"ఏటి గవరయ్య గారూ, కూతురికంటే సముద్రం గది ఎక్కువైపోనాదేటి? మీరు ఏడాదికి పదిసార్లు ఎల్లొచ్చేస్తే సాలా? పిల్లలు ఒక్కసారి ఎల్తే అరిగిపోద్దా?"

మావ తల దించుకున్నాడు. నిజం చెప్పేయొచ్చు కదా అని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆయన చెవిలో ఆ మాటే అన్నాను కూడా.

"సెప్తే ఆడు ఇంకా ముందుకొస్తాడురా" అని గొణిగాడు. "మంచోడు. నాను మోస్తాను మావయ్యా అంటాడు. పాతికేళ్ళు."

అంతలో జనాన్ని తోసుకుంటూ అమ్మన్నమ్మ అత్త వచ్చింది. చేతిలో పసుపు నీళ్ళ చెంబు అలాగే ఉంది.

"ఆయన్ననకండి. అది ఆయన్ది కాదు, నాది" అంది. "నడుం ఇరిగీవరకు ఈ ఊరి రోడ్లు ఊడిసినాను. ముసిల్తనంలో కూకోడానికి నాకా గది ఉండాల. నేను సచ్చీవరకు ఎవలకీ ఒగ్గను. నువ్వు అలుగుతావో, ఆ మంచమ్మీదే కాపరం పెడతావో నీ ఇష్టం బావూ."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పట్టుకుని హాలు ఎలాగో ఊపిరి పీల్చుకుంది. మధుబాబు కూడా నవ్వాలని ప్రయత్నించి, వాచీ తీసుకుని మంచం దిగాడు. "అత్తంటే ఇలాగుండాల, మనకి సేతకాలేదు" అని జ్ఞానప్రసూన గారు ఖరగ్‌పూర్ రైలెక్కేదాకా చెబుతూనే ఉంది. ఆ రైలు వెళ్ళిన అన్ని స్టేషన్లకీ ఆ కథ చేరి ఉంటుంది. నా కథలక్కూడా అంత వేగం లేదు.

అప్పగింతలప్పుడు వసుధ తల్లిని కౌగిలించుకోలేదు. "జీవితంలో ఒక్కటి అడిగాడమ్మా" అని మాత్రం అంది. అత్త కూతురి కొంగుకి పసుపు కొమ్ములు ముడివేస్తూ కూర్చుంది. ఆ ముడి ఎంతకీ పడలేదు.

తర్వాత వసుధ ఫోన్లు తగ్గాయి. చేసినప్పుడల్లా ఒకే దెప్పిపొడుపు, "ఏమ్మా, నీ సముద్రం ఎలా ఉంది? ఇంకా వెళ్ళలేదా?"

"ఎల్లకపోతే దొరికిపోతాం" అంది అత్త మావతో. "నాది అని సెప్పీసినాను గదా. ఒక్కసారన్నా అగుపడాల."

ఈ పూజా సెలవులకి మళ్ళీ దత్తబాబు వాళ్ళే. ఇంకో మనిషి వస్తుందంటే దత్తబాబు మొహం చిట్లించాడు. అదనపు మనిషికి కంపెనీవాడు వేసిన రుసుము అద్దెలోంచి తగ్గించుకుని, సరేనన్నాడు. మావకి రాను రాను అత్యాశ పెరుగుతోందని ఆయన నాకు ఫోన్లో చెప్పాడు.

అక్కడ జరిగింది అత్త నాకు తర్వాత చెప్పింది. రోజంతా దత్తబాబు పిల్లల తడిబట్టలు పిండిందట. వంటింటి మూల టవలు పరుచుకుని పడుకుంది, సోఫా మావకి వదిలేసింది. బాల్కనీలో నిలబడితే ముందు దత్తబాబు అత్తగారు ఆరేసిన చీర, దాని వెనక సముద్రం.

రెండో రోజు మధ్యాహ్నం వసుధ వీడియో కాల్ చేసింది. వెనకాల మధుబాబు కూడా ఉన్నాడు, ముభావంగా.

"అక్కడే ఉన్నావా? చూపించు మరి."

మావ ఫోను పట్టుకున్నాడు. అత్త ఒక చేత్తో ఆరేసిన చీరని పక్కకి లాగి పట్టుకుంది. రెండో చేత్తో తలుపు మూసింది, లోపల దత్తబాబు కుటుంబం భోజనాలు చేస్తోంది మరి. మావ ఫోనుని కొంచెం పైకి, ఇంకొంచెం పక్కకి జరిపాడు. తెరలో అత్త ముఖం, సముద్రం, అంతే.

"బాగుందమ్మా" అంది వసుధ కాసేపాగి. గొంతులో దెప్పిపొడుపు కొంచెం తగ్గింది. "వెనకాల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు?"

"పక్క గదిలోలు" అంది అత్త, తలుపుని వీపుతో ఇంకాస్త గట్టిగా అదుముతూ.